బూట్లు విప్పకముందే ఆత్మకథ

ఆత్మకథ సాధారణంగా వయసు మళ్లినవారి ప్రక్రియ. చేయవలసిన పనులు చాలామటుకు పూర్తయి, లోకం మెచ్చుకున్నా నొచ్చుకున్నా పెద్దగా పోయేదేమీ లేని దశలో మనిషి వెనక్కి తిరిగి చూసుకొని రాసేదిగానే దానికి పేరు. కందుకూరి వీరేశలింగం స్వీయచరిత్ర తొలి భాగం 1911లో వెలువడేనాటికి ఆయనకు అరవయ్యేళ్లు దాటాయి. ఐరోపా వృత్తి ఫుట్‌బాల్‌లో మాత్రం, అందులోనూ ముఖ్యంగా ఇంగ్లండ్‌లో, రెండో ప్రపంచయుద్ధం తరువాత ఇందుకు పూర్తిగా భిన్నమైన ఆచారం పాతుకుంది. ఇంకా జట్టులో ఆడుతూ, ఒక క్లబ్బు నుంచి జీతం తీసుకుంటూ, రోజూ అదే డ్రెస్సింగ్ రూములో బట్టలు మార్చుకుంటూ ఉన్న ఆటగాడు ఇరవైలలోనో ముప్పైలలోనో తన పేరిట జీవితకథ ప్రచురించుకోవడం అక్కడ మామూలైంది. ఈ పుస్తకాల్లో అధికభాగం ఎవరికీ హాని చేయనివి, కొన్నాళ్లకు ఎవరికీ గుర్తుండనివి. కొన్ని మాత్రం రాసినవారి ఉద్యోగాలను, ఒకటి రెండు సందర్భాల్లో వారి వృత్తి జీవితాన్నే తలకిందులు చేశాయి. ఆడుతున్న ఆటగాడు మనసులోని మాట దాచుకోకుండా పుస్తకం రాయవచ్చునా అన్న వివాదం ఆ కొన్నింటి చుట్టూనే పెరిగింది.

ఈ వివాదం అర్థం కావాలంటే ఫుట్‌బాల్ ఆటగాడి ఉద్యోగ స్వభావం ముందుగా తెలియాలి. అతడు క్లబ్బుకు ఒప్పందం ద్వారా కట్టుబడిన జీతగాడు. క్లబ్బు సభ్యత్వం తీసుకున్న లీగు నియమాలకూ, దేశంలో ఆట మొత్తాన్ని నియంత్రించే జాతీయ సంఘం నియమాలకూ కూడా లోబడినవాడు. ఇంగ్లండ్‌లో ఆ సంఘం పేరు ఫుట్‌బాల్ అసోసియేషన్. ఆటకు అపకీర్తి తెచ్చే ప్రవర్తన అనే ఒక నేరం దాని నియమావళిలో ఉంది. ఏది అపకీర్తి అన్నది సంఘమే నిర్ణయిస్తుంది కాబట్టి మైదానంలో చేసిన పనికైనా, పత్రికలో అన్న మాటకైనా, పుస్తకంలో రాసిన వాక్యానికైనా ఆ నియమం వర్తిస్తుంది. ప్రీమియర్ లీగు ఆటగాళ్ల నమూనా ఒప్పందంలో కూడా, పత్రికలకు ఏదైనా చెప్పదలచినప్పుడు వీలైనంతవరకు క్లబ్బుకు ముందుగా తెలియజేయాలనీ, క్లబ్బుకు గానీ ఆటకు గానీ చెడ్డపేరు తెచ్చే మాటలు రాయరాదనీ షరతు ఉంటుంది. అంటే మాట్లాడే హక్కును పూర్తిగా తీసివేయలేదు, దాని పగ్గాలు మాత్రం యజమాని చేతిలో ఉంచారు. ఈ పుస్తకాలపై పడిన శిక్షలను వరుసగా పరిశీలిస్తే, అబద్ధం రాశాడని రుజువు చేసి వేసిన శిక్ష దాదాపుగా కనిపించదు. నిజానిజాల విచారణ దాకా వెళ్లకుండానే, చెప్పకూడని సమయంలో చెప్పాడన్న కారణమే శిక్షకు చాలినట్లు తోస్తుంది.

యుద్ధానంతరం వెలువడిన తొలి పుస్తకాలు వినయంగా ఉండేవి. టామీ లాటన్ 1946లోనూ, స్టాన్లీ మాథ్యూస్ 1948లోనూ ఆడుతూనే పుస్తకాలు ప్రచురించారు. అప్పటి ఇంగ్లండ్‌లో ఆటగాడి సంపాదనకు గరిష్ఠ వేతనం అనే కట్టడి ఉండేది. క్లబ్బు ఎంత ధనవంతమైనదైనా, ఆటగాడు ఎంత గొప్పవాడైనా, వారానికి లీగు నిర్ణయించిన మొత్తాన్ని మించి చెల్లించకూడదు. 1950ల నడుమ ఆ మొత్తం 15 పౌండ్లు. దీనికి తోడు నిలుపుదల, బదిలీ పద్ధతి అని మరొక ఏర్పాటు ఉండేది. ఒప్పందం గడువు తీరినా క్లబ్బు వదలనంతవరకు ఆటగాడు మరో క్లబ్బుకు ఆడడానికి వీలులేదు, వదిలినప్పుడు వచ్చే బదిలీ ధనం క్లబ్బుదే. యాభై వేలమంది టిక్కెట్టు కొని చూసే ఆటగాడి చేతికి నైపుణ్యం గల కార్మికుడి జీతానికి కాస్త ఎక్కువ మాత్రమే వచ్చే ఆ రోజుల్లో పుస్తకం మీద వచ్చే సొమ్ము చిన్నదేమీ కాదు. పుస్తకం రాయడానికి తొలి ప్రేరణ డబ్బేనని ఒప్పుకోవడంలో తప్పులేదు. నోరు విప్పే అవకాశం దాని వెంటే వచ్చింది.

ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకున్న మొదటివాడు లెన్ షాకల్టన్. న్యూకాజిల్ తరఫున తొలి ఆటలోనే, 1946లో న్యూపోర్ట్ కౌంటీని 13-0తో ఓడించిన రోజున, ఆరు గోల్స్ కొట్టిన ఈ ఫార్వర్డు 1948లో 20,050 పౌండ్లకు సండర్లాండ్ క్లబ్బుకు బదిలీ అయ్యాడు. అప్పటికి అది రికార్డు మొత్తం. బంతితో ప్రేక్షకులను నవ్వించి ప్రత్యర్థులను ఏడిపించే అతని ఆటతీరు జనానికి ఎంత ప్రీతిపాత్రమో, జాతీయ జట్టును ఎంపిక చేసే పెద్దలకు అంత గిట్టనిది. ఇంగ్లండ్ తరఫున అతనికి దక్కినవి కేవలం 5 ఆటలు. 1955లో, ఇంకా సండర్లాండ్‌కు ఆడుతుండగానే వెలువరించిన పుస్తకానికి జనం తనకు పెట్టిన ‘విదూషక రాకుమారుడు’ అన్న బిరుదునే పేరుగా ఉంచాడు. అందులో ఫుట్‌బాల్ గురించి సగటు డైరెక్టరుకు ఎంత తెలుసునో వివరించే అధ్యాయం ఒకటి ఉంది. డైరెక్టర్లంటే ఆ కాలపు క్లబ్బుల పాలకమండలి సభ్యులు. ఎక్కువగా స్థానిక వ్యాపారులు, భవన నిర్మాణదారులు, మాంసం దుకాణాల యజమానులు. జట్టులో ఎవరు ఆడాలో, ఎవరిని అమ్మాలో నిర్ణయించేది వారే. అధ్యాయం శీర్షిక కింద పేజీ మొత్తం ఖాళీగా ఉంటుంది, రచయిత కోరిక మేరకే ఖాళీగా వదిలామని ప్రకాశకుల చిన్న మాట తప్ప. వ్యంగ్యంలో ఇంతటి పొదుపు ఆ తరువాత వచ్చిన ఏ ఫుట్‌బాల్ పుస్తకానికీ సాధ్యపడలేదు. ఒక్క అక్షరం లేని పేజీ మీద పరువునష్టం దావా వేయడానికి వీలులేదన్న లౌక్యమూ అందులో ఉంది.

అదే సండర్లాండ్ జట్టులో షాకల్టన్ పక్కన ఆడిన వేల్స్ సెంటర్ ఫార్వర్డు ట్రెవర్ ఫోర్డ్‌కు అంత లౌక్యం చాతకాలేదు. ఇద్దరికీ పొసగేది కాదని కూడా ప్రసిద్ధి. 1950లో 30,000 పౌండ్ల రికార్డు మొత్తానికి ఆస్టన్ విల్లా నుంచి సండర్లాండ్‌కు వచ్చిన ఫోర్డ్, 1953 చివర కార్డిఫ్ సిటీకి మారాడు. అక్కడ ఆడుతుండగా సిద్ధమైన అతని ఆత్మకథలోని భాగాలు 1956లో ఒక ఆదివారపు పత్రికలో ధారావాహికగా వచ్చాయి. సండర్లాండ్ తనకు నియమాలకు విరుద్ధంగా బల్ల కింద డబ్బు ముట్టజెప్పిందని అందులో బయటపెట్టాడు. చట్టబద్ధంగా క్లబ్బు మారే ఆటగాడికి దక్కేది కేవలం 10 పౌండ్ల సంతకపు రుసుము; మిగిలినదంతా చీకటి వ్యవహారం. ఆ వ్యవహారం ఉందని క్లబ్బులకూ, ఆటగాళ్లకూ, పత్రికలవారికీ తెలియక కాదు. ఆడుతున్నవాడు పేరు పెట్టి చెప్పడమే కొత్త. లీగు అతణ్ణి సస్పెండ్ చేసింది. 1957లో ఫోర్డ్ దేశం విడిచి నెదర్లాండ్స్‌లోని పీ.ఎస్.వీ. ఐండ్‌హోవెన్‌కు ఆడడానికి వెళ్లి మూడేళ్లు అక్కడే గడిపాడు. అప్పటికి అతడు వేల్స్ తరఫున 38 ఆటల్లో 23 గోల్స్ చేసినవాడు.

అదే 1957లో సండర్లాండ్ లెక్కలపై విచారణ జరిగింది. మైదానానికి గడ్డి కొన్నట్లు, మరమ్మతులు చేయించినట్లు బిల్లులు రాయించి, ఆ సొమ్మును వెనక్కి తెప్పించుకొని ఆటగాళ్లకు పంచినట్లు తేలింది. క్లబ్బుకు 5,000 పౌండ్ల జరిమానా పడింది, చైర్మన్ సహా డైరెక్టర్లపై నిషేధాలు వచ్చాయి. ఫోర్డ్ రాసింది నిజమేనని అధికారులే పరోక్షంగా ధ్రువీకరించినట్లయింది. నాలుగేళ్లకే, 1961 జనవరిలో, ఆటగాళ్ల సంఘం సమ్మె హెచ్చరికతో గరిష్ఠ వేతనం రద్దయింది. 1963లో ఆటగాడు జార్జ్ ఈస్టమ్ వేసిన దావాలో నిలుపుదల పద్ధతి ఆటగాడి వృత్తిస్వేచ్ఛకు అసమంజసమైన అడ్డంకి అని ఇంగ్లండ్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఈ మార్పులకు పుస్తకాలే కారణమనడం అతిశయోక్తి అవుతుంది. అయితే పద్ధతి లోపలి కుళ్లును లోపలివాడు చెప్పగా విన్న పాఠకలోకం అప్పటికే తయారై ఉందనడం అతిశయోక్తి కాదు. ఫోర్డ్ బూట్లు విప్పేదాకా ఆగి రాసి ఉంటే అతని పుస్తకం గరిష్ఠ వేతనం పోయిన తరువాత వచ్చి ఉండేది. అప్పుడది ఒక పాత ముచ్చటగా మిగిలేది.

1970లలో ఇంకొక రకమైన నిజాయితీ పుట్టింది. జర్నలిస్టు హంటర్ డేవిస్ ఒక సీజను పాటు టాటెన్‌హమ్ జట్టుతో తిరిగి 1972లో ప్రచురించిన గ్రంథం డ్రెస్సింగ్ రూము తలుపు తెరిచింది. కానీ ఆయన బయటివాడు. లోపలివాడి కలం 1976లో వెలువడిన ఈమన్ డంఫీ దినచర్యతో వచ్చింది. ఐర్లండ్‌కు చెందిన ఈ మిడ్‌ఫీల్డరు లండన్‌లోని మిల్‌వాల్ క్లబ్బులో 1973-74 సీజను ఎలా మొదలై తనకు ఎలా ముగిసిందో రోజువారీగా రాసుకున్నాడు. రెండో డివిజను క్లబ్బు కావడంతో ఇందులో పెద్ద పేర్లు లేవు, కుంభకోణం లేదు. జట్టులో చోటు పోయిన ఆటగాడు బెంచీ మీదనో గ్యాలరీలోనో కూర్చొని, తన స్నేహితులు ఆడుతున్న ఆటలో తన జట్టే ఓడిపోవాలని లోలోపల కోరుకోవడం, జట్టు గెలిస్తే పైకి నవ్వుతూ చేతులు కలపడం, ఆ కోరికకు తానే సిగ్గుపడడం ఇందులో ఉన్నాయి. జట్టు ఓడితేనే మేనేజరుకు తాను మళ్లీ గుర్తుకు వస్తాడు కదా! ఈ అసూయ ప్రతి జట్టులోనూ ఉంటుంది, ఒప్పుకున్నవారు మాత్రం అరుదు. పుస్తకం వచ్చేనాటికి డంఫీ మరో క్లబ్బులో ఆడుతూనే ఉన్నాడు. అతనిపై చర్యలేమీ లేవు. చిన్న క్లబ్బు గురించి చిన్న ఆటగాడు రాసిన నిజం వల్ల ఎవరికీ ఆర్థికనష్టం లేకపోవడమే దీనికి కారణమని ఊహించవచ్చు. ఆటగాడు ఇంకా ఆడుతుండగా రాసిన పుస్తకాల్లో సాహిత్యంగా నిలిచేది ఏదని అడిగితే ముందుగా చెప్పవలసినది ఇదే. పాతికేళ్ల తరువాత ఇదే డంఫీ మరొక ఆటగాడి పుస్తకం వెనుక నిలబడి చిక్కుల్లో పడ్డాడు.

ఈ చరిత్రలో అత్యంత కఠినమైన శిక్ష పశ్చిమ జర్మనీలో పడింది. గోల్‌కీపర్ హరాల్డ్ షూమాకర్, అందరూ పిలిచే పేరు టోనీ, 1972 నుంచి కొలోన్ క్లబ్బులో ఉన్నవాడు; 1982, 1986 ప్రపంచకప్పుల ఫైనళ్లలో ఆడి రెంటిలోనూ ఓడినవాడు; 1982 సెమీఫైనల్‌లో ఫ్రాన్స్ ఆటగాడు పాట్రిక్ బాటిస్టోన్‌ను ఢీకొని స్పృహ తప్పించిన సంఘటనతో ప్రపంచమంతా అపఖ్యాతి మూటగట్టుకున్నవాడు కూడా. 1987 నాటికి అతడు జాతీయ జట్టు కెప్టెన్, దేశం తరఫున 76 ఆటలు ఆడినవాడు. ఆ ఏడాది ఫిబ్రవరి చివర అతని పుస్తకంలోని భాగాలను డేర్ స్పీగెల్ వారపత్రిక ప్రచురించడం మొదలుపెట్టింది. ఆట ఆరంభానికి రెఫరీ ఊదే ఈలను సూచించే మాట ఆ పుస్తకానికి పేరు.

అందులోని ప్రధానాంశం డోపింగ్, అంటే శరీర సామర్థ్యాన్ని కృత్రిమంగా పెంచే మందుల వాడకం. జర్మన్ లీగు అయిన బుండెస్‌లిగాలో ఉత్తేజకాలు మామూలేననీ, ఎఫిడ్రిన్ మోతాదు ఎక్కువగా ఉన్న దగ్గుమందును తానూ తన సహచరులూ ఆటకు ముందు తాగి చూశామనీ అతడు రాశాడు. దగ్గుమందు అన్న వివరం పాఠకుణ్ణి నిలబెట్టి వేస్తుంది. ఏ వంటింటి అలమరలోనైనా దొరికే సీసాతో వేలమంది ముందు జరిగే ఆట స్వరూపం మారిపోతున్నదన్న సంగతి, రహస్య ప్రయోగశాలల కథలకంటే నమ్మదగినదిగా ఉంది. దీనికి తోడు 1986 మెక్సికో ప్రపంచకప్ సమయంలో జట్టు బసలో ఆటగాళ్లకు ఇచ్చిన మాత్రలు, సూదిమందుల గురించి, రాత్రుళ్లు పెద్దమొత్తాలతో సాగిన పేకాట గురించి, కొందరి తాగుడు గురించి దాపరికం లేకుండా రాశాడు. తన గురించి తాను దాచుకోకపోవడం ఈ పుస్తకంలో మెచ్చుకోదగిన గుణం. ఇతరుల గురించి చెప్పిన మాటల్లో కొన్ని ఆత్మకథకు అవసరం లేని నిందలు.

ఫలితం రోజుల్లోనే తేలింది. హెర్మన్ నాయ్‌బెర్గర్ అధ్యక్షుడిగా ఉన్న జర్మన్ ఫుట్‌బాల్ సంఘం అతణ్ణి జాతీయ జట్టు నుంచి తొలగించింది. పదిహేనేళ్లు సేవచేసిన కొలోన్ క్లబ్బు పనిలోంచి తీసేసింది. ముప్పైమూడేళ్లు నిండిన, గోల్‌కీపర్‌గా ఇంకా ఉచ్చస్థితిలో ఉన్న మనిషి ఆ వేసవిలో షాల్కే క్లబ్బుకు, ఏడాది తిరిగేసరికి ఇస్తాంబుల్‌లోని ఫెనర్‌బాచేకు తరలిపోవలసి వచ్చింది. 1989లో అక్కడ లీగు విజేతగా నిలిచాడు. తొలగించినవారెవరూ అతని ఆరోపణలపై గట్టి విచారణ జరిపించలేదు. అయినా 1988 నుంచి జర్మన్ సంఘం డోపింగ్ పరీక్షలు మొదలుపెట్టింది. 2015లో, ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలోని క్రీడావైద్యంపై జరిగిన పరిశోధనలో భాగంగా, 1970ల చివర, 1980ల ఆరంభంలో రెండు జర్మన్ క్లబ్బులకు అనబాలిక్ స్టిరాయిడ్లు, అంటే కండబలం పెంచే మందులు, చేరినట్లు పత్రాలు బయటపడ్డాయని ఒక పరిశోధకుడు వెల్లడించాడు. అవి షూమాకర్ చెప్పిన మందులు కావు, అతని క్లబ్బూ కాదు. కానీ ఆ కాలపు జర్మన్ ఫుట్‌బాల్ మచ్చలేనిదన్న వాదన అంతటితో బలహీనపడింది. 2012లో షూమాకర్‌ను ఉపాధ్యక్షుడిగా ఎన్నుకున్నది అతణ్ణి తొలగించిన ఆ కొలోన్ క్లబ్బే. పాతికేళ్ల తరువాత వచ్చిన ఆ పదవి, 1987లో పోయిన కెప్టెన్సీకి సరితూగుతుందా అన్నది వేరే ప్రశ్న.

ఆగి రాయడమే మేలన్న వాదానికి మంచి ఉదాహరణ ఐర్లండ్ ఫార్వర్డు టోనీ కాస్కరీనోది. జర్నలిస్టు పాల్ కిమేజ్ సాయంతో 2000లో, ఆట మానిన వెంటనే వెలువరించిన పుస్తకంలో, తన తల్లి దత్తపుత్రిక కాబట్టి ఐర్లండ్‌కు ఆడే రక్తసంబంధం తనకు లేదని తెలిసీ ఆడానని, ఫ్రాన్స్ క్లబ్బు మార్సేలో ఉన్నప్పుడు లోపల ఏముందో సరిగా తెలియని సూదిమందులు వేయించుకున్నానని ఒప్పుకున్నాడు. అప్పటికతడు ఆ దేశం తరఫున 88 ఆటలు ఆడి ఉన్నాడు. సంచలనం లేచింది, సద్దుమణిగింది. పోవడానికి అతనికి ఉద్యోగం లేదు. ఈ పుస్తకం నిజాయితీలో ఎవరికీ తీసిపోదు. కానీ అది ఒప్పుకోలు. ఇంకా జరుగుతున్న తప్పును ఆపగల సాక్ష్యం కాదు.

మాంచెస్టర్ యునైటెడ్‌లో వరుసగా రెండేళ్లలో రెండు పుస్తకాలకు రెండు రకాల ఫలితాలు వచ్చాయి. నెదర్లాండ్స్ డిఫెండరు యాప్ స్టామ్ 1998లో కోటి పౌండ్లకు పైగా ధరకు పీ.ఎస్.వీ. నుంచి వచ్చి, 1999లో లీగు, ఎఫ్.ఏ. కప్, ఛాంపియన్స్ లీగు మూడూ ఒకే ఏడాది గెలిచిన జట్టుకు వెన్నెముకగా నిలిచాడు. 2001 ఆగస్టులో అతని పుస్తకభాగాలు డెయిలీ మిర్రర్ పత్రికలో వచ్చాయి. సహచరులైన గ్యారీ, ఫిల్ నెవిల్ సోదరుల గురించి మొరటుగా చేసిన పరిహాసాలను పక్కన పెడితే, అసలు చిక్కు ఒక్క విషయంలో ఉంది. తాను ఇంకా పీ.ఎస్.వీ.తో ఒప్పందంలో ఉండగానే, ఆ క్లబ్బు అనుమతి లేకుండా మేనేజరు అలెక్స్ ఫెర్గూసన్ తనను కలిసి మాట్లాడాడని స్టామ్ రాశాడు. మరో క్లబ్బు ఆటగాణ్ణి ఇలా చాటుగా దువ్వడం ఫుట్‌బాల్ నియమాల ప్రకారం నేరం. ఇది అందరూ చేసేదే అయినా, అచ్చులో చెబితే చెడ్డమాట అవుతుందని పుస్తకం రాసినవాడికి తోచినట్లు లేదు. వారాలు తిరగకుండానే స్టామ్ సుమారు 1.6 కోట్ల పౌండ్లకు రోమ్‌లోని లాజియో క్లబ్బుకు అమ్ముడుపోయాడు; అతని స్థానంలో 35 ఏళ్ల లోరాన్ బ్లాంక్ వచ్చాడు.

పుస్తకానికీ అమ్మకానికీ సంబంధం లేదనీ, గాయం తరువాత స్టామ్ వేగం తగ్గిందనీ, లాజియో ఇవ్వజూపిన ధర కాదనలేనిదనీ ఫెర్గూసన్ వాదన. ఆ అమ్మకం పొరపాటేనని కూడా ఆయన తరువాత ఒప్పుకున్నాడు. లెక్కల ప్రకారం చూస్తే ఆ వాదనను పూర్తిగా తోసిపుచ్చలేము. అయితే ఇదే ఫెర్గూసన్ 1999లో, మేనేజరు పదవిలో ఉంటూనే సొంత ఆత్మకథ వెలువరించి, తన మాజీ సహాయకుడు బ్రయన్ కిడ్‌ను, మాజీ శిష్యుడు గోర్డన్ స్ట్రాకన్‌ను అందులో కటువుగా విమర్శించాడు. దానికి ఏ శిక్షా లేదు. ఆడుతున్నవాడు రాయరాదన్న సూత్రం ఆడించేవాడికి వర్తించలేదన్నమాట.

స్టామ్ వెళ్లిన మరుసటి ఏడాది యునైటెడ్ కెప్టెన్ రాయ్ కీన్ వంతు వచ్చింది. 1997 సెప్టెంబరులో లీడ్స్ మైదానంలో ఆల్ఫ్ ఇంగె హాలండ్‌ను అడ్డుకోబోయిన కీన్ మోకాలి లిగమెంటు తెగింది. నొప్పి నటిస్తున్నాడంటూ హాలండ్ మీదికొచ్చి నిలబడి అరిచాడు. నేటి మాంచెస్టర్ సిటీ గోల్ యంత్రం అర్లింగ్ హాలండ్ తండ్రి ఇతడే. 2001 ఏప్రిల్ 21న, అప్పటికి సిటీకి ఆడుతున్న హాలండ్ మోకాలిని కీన్ మైదానంలో బలంగా తన్నాడు; రెఫరీ డేవిడ్ ఎలరే ఎర్రకార్డు చూపి బయటికి పంపాడు. మూడు ఆటల నిషేధం, 5,000 పౌండ్ల జరిమానాతో ఆ సంఘటన ముగిసిపోవలసింది. 2002 ఆగస్టులో వెలువడిన కీన్ ఆత్మకథ దాన్ని తిరగదోడింది. ఏళ్లతరబడి ఆ క్షణం కోసం వేచి ఉన్నానన్న ధోరణిలో, పశ్చాత్తాపపు ఛాయ లేకుండా సాగిన ఆ భాగం పత్రికలకెక్కగానే, ఫుట్‌బాల్ అసోసియేషన్ రెండు అభియోగాలు మోపింది: పగతీర్చుకునే ఉద్దేశంతో తన్నడం ఒకటి, దాన్ని పుస్తకంగా వేసి సొమ్ము చేసుకోవడం రెండోది. ఆ అక్టోబరులో మరో అయిదు ఆటల నిషేధం, 1,50,000 పౌండ్ల జరిమానా విధించారు. రెండో అభియోగం గమనించదగినది. తన్నిన రోజున 5,000 పౌండ్ల విలువ చేసిన తప్పు, రాసిన తరువాత ముప్పై రెట్లయింది.

విచారణలో మరో అంశం బయటపడింది. కీన్ పుస్తకాన్ని నిజానికి రాసినవాడు ఈమన్ డంఫీ. ఇలా మరొకరి జీవితాన్ని వారి గొంతుతో, వారి పేరిట రాసే కూలి రచయితను ఇంగ్లండ్‌లో ఘోస్ట్ రైటర్ అంటారు. ఆటగాడు టేపు ముందు గంటలకొద్దీ మాట్లాడతాడు, రచయిత ఆ మాటలకు వరుస, ఊపు, ఆకారం ఇస్తాడు. డంఫీ సాక్షిగా వచ్చి, వివాదాస్పదమైన వాక్యాలు కీన్ యథాతథంగా పలికినవి కావనీ, అతని భావాన్ని తాను తన మాటల్లో మలిచాననీ చెప్పాడు. విచారణ సంఘం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పుస్తకం మీద పేరు కీన్‌ది, అచ్చుకు ముందు చదివి ఒప్పుకున్నవాడూ అతడే. న్యాయంగా అది సబబే. కానీ ఉద్దేశమే నేరమైన చోట, ఆ ఉద్దేశానికి ఏకైక సాక్ష్యం మరొకరు కూర్చిన వాక్యం కావడం చిన్న విషయం కాదు. తన మిల్‌వాల్ దినచర్యలో ప్రతి సంకోచాన్నీ నమోదు చేసిన డంఫీ, కీన్ విషయంలో సంకోచాలన్నీ చెరిపేసి ఒక ప్రతీకార కథ అల్లాడు. హాలండ్ విషయంలో నిజం కూడా కథంత నున్నగా లేదు: అతడు ఆ రోజు ఆట చివరిదాకా ఆడాడు, అంతకుముందునుంచే అతణ్ణి బాధించిన మోకాలు రెండోది; అయినా ఆ తరువాత ఏ ఆటా పూర్తిగా ఆడలేకపోయాడు. సిటీ క్లబ్బు దావా వేస్తామని కొన్నాళ్లు చెప్పి విరమించుకుంది. యునైటెడ్ మాత్రం కీన్‌ను వదులుకోలేదు, 2005 నవంబరు దాకా అతడే కెప్టెన్. స్టామ్ రాసింది యజమాని తప్పును, కీన్ రాసింది తన తప్పును; క్లబ్బు దృష్టిలో మొదటిదే పెద్ద నేరమనిపిస్తుంది.

2006 నాటికి ఈ ఆచారం పరిశ్రమగా మారింది. ఇంగ్లండ్ జట్టు ఆ ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్‌లో పోర్చుగల్ చేతిలో పెనాల్టీలలో ఓడి తిరిగొచ్చిన కొన్ని నెలల్లోనే రూనీ, జెరార్డ్, లాంపార్డ్, ఫెర్డినాండ్, ఆష్లీ కోల్ పుస్తకాలు వరుసగా దుకాణాలకెక్కాయి. ఓడిపోయి పేలవంగా ఆడి వచ్చి పుస్తకాలమ్ముకుంటున్నారని మరో ఆటగాడు జోయీ బార్టన్ బాహాటంగా ఎద్దేవా చేశాడు. పదేళ్లకు అతడూ ఆడుతూనే తన ఆత్మకథ వేసుకున్నాడు. ఇరవయ్యేళ్ల వేన్ రూనీతో హార్పర్‌కాలిన్స్ సంస్థ పన్నెండేళ్లలో అయిదు పుస్తకాలకు 50 లక్షల పౌండ్ల ఒప్పందం చేసుకుంది. తొలి పుస్తకాన్ని అతని పేరిట రాసిపెట్టింది హంటర్ డేవిసే. అందులో తనను గురించి రాసిన ఒక సంగతిపై పాత మేనేజరు డేవిడ్ మోయిస్ పరువునష్టం దావా వేసి, 2008లో క్షమాపణ, పరిహారం పొందాడు. ఇక్కడ శిక్షించింది యజమాని కాదు, చట్టం. అందువల్ల ఈ వివాదంలో ఇది ఒక్కటే నిజానిజాల మీద తేలినదని చెప్పవచ్చు. కోల్ పుస్తకం మరో రకం. ఆర్సెనల్ వారానికి 60,000 పౌండ్లు ఇస్తుందనుకుంటే 55,000 మాత్రమే ఇవ్వజూపిందని తెలిసి, కారు రోడ్డు పక్కకు పోనిచ్చేంత పనయిందని అతడు రాసుకున్నాడు. అప్పటికే అతడు చెల్సీకి మారిపోయాడు. నవ్వులపాలయ్యాడు గానీ శిక్ష పడలేదు, పుస్తకమూ పెద్దగా అమ్ముడుపోలేదు. గరిష్ఠ వేతనపు రోజుల్లో ఫోర్డ్ డబ్బు గురించి రాస్తే అది వ్యవస్థపై ఫిర్యాదు. అర్ధశతాబ్దం తరువాత కోల్ రాసినది బేరం కుదరని ఉక్రోషం. నిర్మొహమాటం రెండింటా ఉంది. ఒకటి ప్రజలకు కావలసినది, రెండోది కానిది.

2011లో వచ్చిన రెండు పుస్తకాలు ఈ ఆచారం ఎక్కడికి చేరిందో చూపుతాయి. స్వీడన్ ఆటగాడు జ్లాటాన్ ఇబ్రహిమొవిచ్ బార్సిలోనా కోచ్ పెప్ గ్వార్డియోలాను ఏకిపారేసిన ఆత్మకథ స్వీడన్‌లో లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. దాన్ని రాసిన నవలాకారుడు డేవిడ్ లాగర్‌క్రాన్స్, అందులో జ్లాటాన్ యథాతథంగా పలికిన మాటలు దాదాపు లేవని తరువాత దాచకుండా చెప్పాడు. వెలువడేనాటికి జ్లాటాన్ మిలాన్‌కు ఆడుతున్నాడు. జర్మనీలో బయర్న్ క్లబ్బుకూ, జాతీయ జట్టుకూ కెప్టెన్‌గా ఉన్న ఫిలిప్ లామ్ ఉదంతం మరింత ఆసక్తికరం. 2009లో క్లబ్బు అనుమతి లేకుండా ఇచ్చిన ఒక ఇంటర్వ్యూలో ఆటగాళ్ల కొనుగోలు విధానాన్ని తప్పుపట్టినందుకు, అంతకుముందెన్నడూ ఎరగనంత పెద్ద జరిమానా చెల్లించినవాడతడు. రెండేళ్లకు రాసిన పుస్తకంలో జాతీయ జట్టు పాత శిక్షకుడు రూడి ఫొలర్ సాధన పద్ధతులను తేలిక చేశాడు. బయర్న్‌లో యుర్గెన్ క్లిన్స్‌మన్ హయాంలో శారీరక దారుఢ్యానికి తప్ప వ్యూహానికి చోటే లేదన్నాడు. క్లబ్బు పాత కోచ్‌లు ఫెలిక్స్ మగాట్‌ను, లూయీ వాన్ హాల్‌ను కూడా వదల్లేదు. ఫొలర్ మండిపడ్డాడు, లామ్ అతనికి క్షమాపణ చెప్పుకున్నాడు, జర్మన్ సంఘం మందలించి ఊరుకుంది. కెప్టెన్సీ పోలేదు, 2014 జులై 13న రియోలో ప్రపంచకప్ ఎత్తినవాడు అతడే. షూమాకర్‌కు పడిన శిక్షతో పోలిస్తే ఇది కాలం తెచ్చిన ఔదార్యంగా కనిపిస్తుంది గానీ, పేర్లు ఒకసారి చూడాలి. పుస్తకం వెలువడిన ఆగస్టు నాటికి ఫొలర్ లెవర్‌కూజెన్‌లోనూ, మగాట్ వోల్ఫ్స్‌బర్గ్‌లోనూ ఉన్నారు, క్లిన్స్‌మన్ అమెరికా జట్టును చేపట్టాడు, వాన్ హాల్‌ను బయర్న్ ఏప్రిల్‌లోనే సాగనంపింది. లామ్ ఘాటుగా విమర్శించిన నలుగురిలో ఆ రోజున అతణ్ణి జట్టులోకి తీసుకోవాలో వద్దో నిర్ణయించగలవాడు ఒక్కడూ లేడు.